స్తూపం మీద చేయి వేసేదెవరు?
విశాఖ బౌద్ధ కొండల పునరుద్ధరణ వాదాలపై ఒక సమీక్ష

విశాఖపట్నం నుంచి భీమిలి వెళ్లే సముద్రతీర రహదారికి ఆనుకొని, ఊరికి సుమారు పదిహేను కిలోమీటర్ల దూరంలో తొట్లకొండ ఉంది. 2019 అక్టోబరు వానలకు ఆ కొండ మీది మహాస్తూపం ఒక పక్క జారి కూలింది. పాత పునాది మీద ఇటీవలి సంవత్సరాల్లో కొత్తగా పేర్చిన కట్టుబడి అది. తరువాత దాన్ని మళ్లీ నిలబెట్టారు. కానీ ఆ వానతో లేచిన ప్రశ్నలు మాత్రం ఇంకా సద్దుమణగలేదు. శిథిలమైన స్తూపాన్ని తిరిగి కట్టవచ్చా? కడితే ఎంత ఎత్తు వరకు? ఆ పని ప్రభుత్వ శాఖదా, గుత్తేదారుదా, బుద్ధుణ్ణి కొలిచేవారిదా, శ్రమదానానికి ముందుకొచ్చే ఊరివారిదా?

ఒక్కో పక్షం ఒక్కో మాట చెబుతోంది. పురావస్తు నిపుణుల మాట పర్యాటక శాఖకు రుచించదు. భిక్షువులు కోరేదానికి చట్టం అడ్డొస్తుంది. చీపురూ పలుగూ పట్టుకుని కొండెక్కే యువకులకు ఎక్కడ చేయి వేయాలో, ఎక్కడ వేయకూడదో చెప్పేవారు లేరు. చిక్కుపడిన ఈ దారాలను విడదీసి, ఏది తేలింది, ఏది తేలలేదు అని చూడడమే ఈ వ్యాసం ఉద్దేశం.

కొండల వరుస

విశాఖ చుట్టుపక్కల బౌద్ధ క్షేత్రాలు ఒకటి రెండు కావు. తొట్లకొండ, బావికొండ, పావురాళ్లకొండ సముద్రం వైపు చూస్తుంటాయి. అనకాపల్లి దగ్గర శంకరం గ్రామంలో బొజ్జన్నకొండ, లింగాలకొండ పక్కపక్కన ఉన్నాయి. ఉత్తరాన విజయనగరం జిల్లాలో రామతీర్థం, శ్రీకాకుళం జిల్లాలో వంశధార ఒడ్డున శాలిహుండం ఇదే వరుసలోవి.

తొట్లకొండకు ఆ పేరు రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్ల వచ్చింది. 1970లలో నౌకాదళం తన స్థావరం కోసం జరిపిన సర్వేలో ఈ శిథిలాలు కంటబడ్డాయి. రాష్ట్ర పురావస్తు శాఖ 1988 నుంచి 1993 వరకు తవ్వి మహాస్తూపాన్నీ, మొక్కుబడి స్తూపాలనూ, చైత్యగృహాలనూ, 72 గదుల విహారాలనూ, వంటశాలనూ, భోజనశాలనూ బయటపెట్టింది. శాతవాహనుల నాణేలతో పాటు రోమను వెండి నాణేలూ దొరికాయి. ఈ తీరం ఓడల వ్యాపారానికి ఈనాడే కాదు, ఆనాడూ ద్వారమేనని వాటి సాక్ష్యం. బావికొండను 1982 నుంచి 1987 వరకు తవ్వినప్పుడు మట్టిపాత్రలో అస్థిధాతువులు లభించాయి. పావురాళ్లకొండను భీమిలి ప్రజలు నరసింహస్వామి కొండ అనే ఎక్కువగా పిలుస్తారు.

బొజ్జన్నకొండ కథ వేరు. 1907 ప్రాంతంలో పురావస్తువేత్త అలెగ్జాండర్ రీ ఇక్కడ తవ్వకాలు జరిపాడు. ఇక్కడి స్తూపాల్లో చాలావాటిని ఇటుకలతో కట్టలేదు, కొండరాతినే స్తూపాలుగా మలిచారు. సంఘారామం అన్న మాటే శంకరం అయిందని పండితుల అభిప్రాయం. వరుసలుగా నిలిచిన చిన్న రాతి స్తూపాలు చూపుకు లింగాల్లా ఉండడంతో పక్క కొండకు లింగాలకొండ అన్న పేరు స్థిరపడింది.

ఇక్కడే ఒక ముఖ్యమైన తేడా గుర్తుంచుకోవాలి. తొట్లకొండ, బావికొండ రాష్ట్ర పురావస్తు శాఖ కింద ఉన్నాయి, బొజ్జన్నకొండ భారత పురావస్తు సర్వేక్షణ కింద ఉంది. ఒకప్పుడు ఒకే జిల్లాగా ఉన్న ప్రాంతంలోనే రెండు ప్రభుత్వాలు, రెండు చట్టాలు, రెండు రకాల అనుమతులు. సాయం చేద్దామని వచ్చినవారు మొదట తడబడేది ఈ గుమ్మం దగ్గరే.

నూటయాభై ఏళ్ల పాత తగాదా

స్తూపాన్ని ఎవరు బాగుచేయాలన్న తగాదా విశాఖలో పుట్టింది కాదు. 1875లో బర్మా రాజు మిండన్ బుద్ధగయకు తన మనుషులను పంపి మహాబోధి ఆలయాన్ని బాగుచేయించ పూనుకున్నాడు. వచ్చినవారు భక్తులు. పుణ్యకార్యమని చెమటోడ్చారు. అయితే పాత గోడలనూ, పాత శిల్పాలనూ పక్కకు తోసి కొత్తవి కట్టసాగారు. బెంగాల్ ప్రభుత్వం 1877లో పండితుడు రాజేంద్రలాల్ మిత్రాను పంపి చూడమంది. ఆ భక్తులు చరిత్రను చెరిపేస్తున్నారని ఆయన తప్పుపట్టాడు. తరువాత పురావస్తువేత్తలు కన్నింగ్‌హామ్, బెగ్లర్ 1880లలో ఆలయాన్ని తమ పద్ధతిలో పునరుద్ధరించారు. ఆ పద్ధతినీ ఊహ ఎక్కువైందని తరువాతి పండితులు విమర్శించారు. భక్తి చేసిన తప్పు, విద్య చేసిన తప్పు రెండూ ఒకే గోడ మీద కనిపిస్తాయి.

సాంచిలో 1822లో నిధి ఆశతో పెద్ద స్తూపాన్ని చీల్చారు. 1912 నుంచి 1919 వరకు జాన్ మార్షల్ దాన్ని ఓపికగా నిలబెట్టాడు. ఆయన 1923లో వెలువరించిన సంరక్షణ నియమావళి మన దేశంలో ఈ రంగానికి పునాది. ఉన్నదాన్ని ఉన్నట్టు నిలపాలి, పోయినదాన్ని ఊహతో పూరించరాదు అన్నది దాని సారం. 1964 నాటి వెనిస్ ఒడంబడిక కూడా ఊహ మొదలైన చోట పునరుద్ధరణ ఆగాలని తీర్మానించింది.

తెలుగు నేల మీద ఇందుకు చేదు ఉదాహరణ అమరావతి. 1797లో కోలిన్ మెకంజీ చూసేనాటికే అక్కడి సున్నపురాతి ఫలకాలు సున్నపు బట్టీలకు పోతున్నాయి. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించినవి మద్రాసుకూ, అక్కడి నుంచి లండనుకూ చేరాయి. 1880లో మద్రాసు గవర్నరు ఆజ్ఞతో ఆవరణంతా తవ్వారు. ఆ తరువాత జేమ్స్ బర్జెస్ వచ్చి చూసేసరికి మహాచైత్యం ఉండాల్సిన చోట పెద్ద గొయ్యి ఉంది. ఆ చివరి తవ్వకం దొంగలది కాదు, అధికారులదే. కాబట్టి ప్రభుత్వం చేయిపడితే చాలు, రక్షణ దొరికినట్టే అన్న నమ్మకం కూడా చరిత్ర ముందు నిలవదు.

నాలుగు పక్షాలు

ఇవాళ విశాఖ కొండల చుట్టూ వినిపించే మాటలను నాలుగు పక్షాలుగా విభజించవచ్చు.

మొదటిది యథాస్థితి పక్షం. మార్షల్ మార్గంలో నడిచే పురావస్తు నిపుణులు, వారసత్వ పరిరక్షకులు ఇందులో ఉన్నారు. తొట్లకొండ స్తూపం గుమ్మటం (అండభాగం) ఎంత ఎత్తుండేదో, దాని పైని చతురస్రపు కట్టుబడి (హర్మిక) ఎలా ఉండేదో చెప్పే ఆధారం ఆ కొండ మీద లేదని వీరి వాదం. అమరావతి ఫలకాల మీద చెక్కిన స్తూపాల బొమ్మలు చూసి కట్టవచ్చని కొందరంటే, ఆ బొమ్మలు కృష్ణాతీరానివి, ఈ కొండకు అవే కొలతలని ఎవరు చెప్పారని వీరు అడుగుతారు. 2019లో కూలిన కట్టుబడి తమ మాటకు సాక్ష్యమంటారు.

రెండవది పునర్నిర్మాణ పక్షం. పునాది గీత మాత్రమే మిగిలిన చోట సామాన్యుడికి ఏమీ అర్థం కాదని, కొంత ఎత్తు కడితేనే స్తూపమని తెలుస్తుందని వీరి మాట. నాగార్జునసాగర్ నీటిలో మునగబోయిన నాగార్జునకొండ కట్టడాలను 1950లలో తవ్వి, కొన్నింటిని పైకి తరలించి తిరిగి కట్టడం వీరికి ఆదర్శం. ఆ పని జరిగి ఉండకపోతే ఈనాడు చూడ్డానికి మిగిలేది నీళ్లే. పర్యాటకులు వస్తే ఆదాయం, ఆదాయం వస్తే కాపలా అన్నది వీరి లెక్క.

మూడవది ఆరాధనా పక్షం. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో అంబేడ్కర్ దీక్ష తీసుకున్న తరువాత ఆంధ్రదేశంలోనూ బౌద్ధం మళ్లీ చిగురించింది. వీరికి స్తూపం చూసే వస్తువు కాదు, ప్రదక్షిణ చేసే స్థలం. సాంచిలో బుద్ధుని శిష్యులు సారిపుత్ర, మొగ్గల్లానల ధాతువులను విదేశం నుంచి తిరిగి తెచ్చి 1952లో ప్రతిష్ఠించినప్పుడు, అక్కడ మళ్లీ పూజ మొదలైనప్పుడు, ఇక్కడ మాత్రం ఎందుకు కూడదని వీరి ప్రశ్న. కట్టడం ప్రామాణికతను ఆయా సంస్కృతుల విలువలతోనే కొలవాలన్న 1994 నాటి నారా పత్రం వీరికి అండగా నిలుస్తుంది.

నాలుగవది శ్రమదాన పక్షం. స్థానిక యువకులు, విద్యార్థులు, విశ్రాంత ఉద్యోగులు, వారసత్వ సంఘాల సభ్యులు ఈ వైపు ఉన్నారు. శాఖలో సిబ్బంది తక్కువ, కొండలు ఎక్కువ, ప్రజలు చేయి వేయకపోతే ముళ్లపొదలే మిగులుతాయని వీరి ఆవేదన.

పోల్చి చూస్తే

యథాస్థితి పక్షం బలం నిజాయితీ: తెలియనిదాన్ని తెలిసినట్టు కట్టదు. బలహీనత: జనానికి కొండతో బంధం కలపలేకపోతుంది.

పునర్నిర్మాణ పక్షం బలం స్పష్టత: చూసినవాడికి స్తూపం అర్థమవుతుంది. బలహీనత: కొత్త ఇటుక పాత ఆధారాన్ని కప్పేస్తుంది, నాణ్యత తప్పితే దాన్ని వెంటబెట్టుకుని కూలుతుంది.

ఆరాధనా పక్షం బలం నిరంతరత: రోజూ దీపం పెట్టే చోట దొంగతవ్వకం జరగదు. బలహీనత: పూజ పెరిగితే రంగులు, పలకలు, కొత్త విగ్రహాలు వెంట వస్తాయి.

శ్రమదాన పక్షం బలం దగ్గరితనం: వాన పడిన మర్నాడే కొండెక్కగలిగేది ఊరివారే. బలహీనత: తెలియక పీకిన ఒక్క వేరు, జరిపిన ఒక్క రాయి తిరిగి రాదు.

నాలుగు పక్షాలూ ఒప్పుకునే మాట ఒకటుంది. ఈ కొండలకు అన్నిటికన్నా పెద్ద శత్రువు నిర్లక్ష్యం.

బయటి దేశాల అనుభవం

భక్తులూ సేవకులూ చేతులు కలిపితే ఏం జరుగుతుందో పొరుగు దేశాలు చూపాయి. 2015 ఏప్రిల్ భూకంపానికి కాఠ్మాండూ బౌద్ధనాథ స్తూపం శిఖరం దెబ్బతింది. బౌద్ధ సంఘాల విరాళాలతో, సేవకుల శ్రమతో 2016 నవంబరు కల్లా అది మళ్లీ నిలిచింది. పక్కనే ప్రభుత్వ నిధుల కోసం ఎదురుచూసిన కట్టడాలెన్నో అప్పటికింకా ఊతకర్రల మీదే ఉన్నాయి. అయితే బౌద్ధనాథం నిత్యం పూజలందుకునే చోటు. దాని కొలతలు, ఆకారం, సున్నం వేసే పద్ధతి అన్నీ చేతి నుంచి చేతికి వచ్చినవే. అక్కడ ఊహకు పని తక్కువ.

శ్రీలంకలో అనూరాధపురం రువన్వెలి స్తూపాన్ని భక్త సంఘాలు దశాబ్దాల పాటు కట్టి 1940లో శిఖరం నిలిపాయి. అదే ఊళ్లో మిరిసవెటి స్తూపం పునర్నిర్మాణం నడుస్తుండగానే 1987లో కూలింది, 1993లో గానీ పూర్తికాలేదు. ఒకే ఊరు, ఒకే భక్తి. ఫలితాలు మాత్రం రెండు. భక్తి ఉన్నంత మాత్రాన కట్టడం నిలవదని మిరిసవెటి చెప్పిన పాఠాన్నే ముప్ఫై ఏళ్లు దాటాక తొట్లకొండ తిరిగి చెప్పింది.

గుడీ స్తూపమూ ఒకచోట ఉంటే

మన ప్రాంతంలో ఈ ప్రశ్నకు మరో మడత ఉంది. చాలా బౌద్ధ క్షేత్రాలు ఇప్పుడు గుడి నీడలో ఉన్నాయి. రామతీర్థంలో కింద రామాలయం, పైన గురుభక్తులకొండ మీద బౌద్ధ శిథిలాలు, చుట్టుపక్కల కొండల్లో జైన శిల్పాలు. ఏలూరు జిల్లా గుంటుపల్లి గుహలో రాతి స్తూపాన్ని ఊరివారు ధర్మలింగేశ్వరుడిగా కొలుస్తారు. పల్నాడు చేజెర్లలో కపోతేశ్వరాలయం గజపృష్ఠాకారం ఒకనాటి చైత్యగృహానిదేనని పండితులు చెబుతారు.

దీన్ని ఆక్రమణ అనేవారున్నారు, సంగమం అనేవారున్నారు. ఆ వాదం తేలేది కాదు. కానీ పునరుద్ధరణ దృష్టితో చూస్తే ఒక వాస్తవం ఒప్పుకోవాలి. గుంటుపల్లి స్తూపం పగలకుండా నిలవడంలో దాన్ని లింగమని మొక్కిన చేతుల పాత్ర కూడా ఉంది. మొక్కడం ఆగిన చోట రాయి ఏమైందో బొజ్జన్నకొండ చెబుతుంది. అక్కడ కనుమ పండుగనాడు చుట్టుపక్కల జనం కొండెక్కి, బొజ్జతో కనిపించే ఒక ఆకారాన్ని రాక్షసుడని తలచి రాళ్లు రువ్వేవారు. తాము కొడుతున్నది బౌద్ధ అవశేషాన్నని వారికి తెలియదు. వారసత్వ పరిరక్షణ సంస్థ ఇన్‌టాక్ విశాఖ శాఖ సభ్యులూ పురావస్తు సర్వేక్షణ అధికారులూ కలిసి ఊరివారితో మాట్లాడి, ఈ కొండ ఏమిటో వివరించి, ఆ ఆచారాన్ని ఆపించారు.

విశాఖ బౌద్ధ క్షేత్రాల విషయంలో స్వచ్ఛంద సేవ సాధించిన గొప్ప పునరుద్ధరణ ఇదేనని చెప్పాలి. ఒక్క ఇటుక పేర్చలేదు, ఒక్క బస్తా సున్నం కలపలేదు. మాటతోనే రాళ్ల వానను ఆపారు.

ఏ చేయి ఏ పనికి

శ్రమదానానికి హద్దులు గీయాలంటే స్తూపం ఎలా పాడవుతుందో ముందు తెలియాలి. ఇటుక స్తూపం లోపల మట్టి, రాళ్ల నింపుడు ఉంటుంది. పైనుంచి నీరు దిగితే నింపుడు ఉబ్బి బయటి ఇటుక వరసను తోస్తుంది. శాలిహుండం, నాగార్జునకొండ స్తూపాల్లో కొన్నింటికి బండిచక్రం ఆకులలాంటి గోడలు లోపల ఉండడం ఈ ఒత్తిడిని పంచడానికే. సముద్రపు గాలిలోని ఉప్పు ఇటుకను తినేస్తుంది. గాలిలో ఎగిరివచ్చిన రావి, మర్రి విత్తనాలు సందుల్లో మొలిచి వేరుతో గోడను చీలుస్తాయి. సిమెంటు వాడితే కీడు ఇంకా ఎక్కువ. అది పాత ఇటుక కన్నా గట్టిది, తేమను బయటికి పోనివ్వదు. దాంతో తేమ లోపలే నిలిచి ఇటుక పొడి అవుతుంది. సున్నపు గచ్చు అయితే తేమను పీల్చి వదులుతుంది. కానీ ఆ సున్నం నానబెట్టడం, గానుగలో నూరడం తెలిసిన మేస్త్రీలు తగ్గిపోతున్నారు. హుద్‌హుద్ వంటి తుఫానులు దాటిపోయే తీరంలో ఈ విషయాలు పుస్తకాల ముచ్చట్లు కావు.

ఈ లెక్కన పనులు మూడు రకాలు. స్తూపానికి దూరంగా చేసేవి: దారి శుభ్రం, చెత్త ఏరడం, వాననీటి కాలువల పూడిక తీయడం, వేసవి మంటలు అంటుకోకుండా గడ్డి కోయడం. ఇవి శ్రమదానానికి నిస్సందేహంగా తగినవి. స్తూపాన్ని ముట్టుకోకుండా చేసేవి: నెలనెలా ఒకే చోటు నుంచి ఫొటోలు తీయడం, బీటల వెడల్పు కొలవడం, కొత్తగా మొలిచిన మొక్కలను గుర్తించి శాఖకు చెప్పడం, సందర్శకులకు వివరించడం. వీటికి కొద్ది శిక్షణ చాలు. మూడవది స్తూపాన్ని ముట్టుకునే పని: వేరు తీయడం, గచ్చు పూయడం, ఇటుక పేర్చడం. ఇది శిక్షణ పొందిన చేతులే, పర్యవేక్షణలోనే చేయాలి. రక్షిత కట్టడానికి హాని చేస్తే కేంద్ర చట్టం 2010 సవరణ ప్రకారం రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు. మంచి ఉద్దేశంతో చేశామన్నా పగిలిన ఇటుక అతకదు.

మన దగ్గర విషాదం ఏమిటంటే, మూడవ రకం పనికి జనం ఉత్సాహపడతారు, మొదటి రెండింటికి రారు. కట్టిన చోట శిలాఫలకం ఉంటుంది, కాలువ పూడిక తీసిన చోట ఉండదు. ఇల్లలకగానే పండగ కాదని మన పెద్దలు ఊరికే అనలేదు.

తేలని ప్రశ్నలు

మొదటిది నేల గురించి. తొట్లకొండ మీది బౌద్ధ సముదాయం 120 ఎకరాలే అయినా, 1978 నాటి ప్రభుత్వ ఉత్తర్వు ప్రకారం మూడు వేల ఎకరాలకు పైగా రక్షితమని వారసత్వ సంఘాలు వాదిస్తూ వచ్చాయి. కొండ కింద నిర్మాణాలకు భూములివ్వడం మీద వ్యాజ్యాలు న్యాయస్థానం దాకా వెళ్లాయి. చుట్టూ నగరం పెరిగి కొండ వాలు తెగిపోతే, పైన స్తూపాన్ని ఎంత చక్కగా కట్టినా వాననీరు వచ్చే దారి మారుతుంది. నేల తేలకుండా స్తూపం తేలదు.

రెండవది పూజ గురించి. తవ్వకంలో బయటపడిన, శతాబ్దాలుగా పూజ ఆగిపోయిన చోట కొత్తగా పూజ మొదలుపెట్టవచ్చా అన్నదానికి అందరూ ఒప్పుకునే జవాబు లేదు. పండుగ రోజుల సమావేశాలను అనుమతించి, కట్టడాన్ని ముట్టుకోకుండా హద్దు పెట్టడం మధ్యేమార్గంగా కనిపిస్తుంది.

మూడవది తిరిగి కట్టిన భాగం గురించి. ఎక్కడి వరకు పాతది, ఎక్కడి నుంచి కొత్తది అని సందర్శకుడికి తెలిసేలా గీత ఉండాలా? నిపుణులు ఉండాలంటారు. అందం చెడుతుందని కొందరంటారు. నిజం చెప్పే గీత వల్ల చెడే అందం లేదు.

నాలుగవది సేవకుడి స్థానం గురించి. మన సంరక్షణ వ్యవస్థలో అధికారికి చోటుంది, గుత్తేదారుకు చోటుంది, టికెట్టు కొన్న సందర్శకుడికి చోటుంది. శిక్షణ పొంది, పేరు నమోదు చేసుకుని, ఏళ్ల తరబడి ఒకే కొండను కనిపెట్టుకుని ఉండే పౌరుడికి మాత్రం సరైన చోటు లేదు. రాజ్యాంగంలోని 51ఏ అధికరణం మన సంస్కృతి వారసత్వాన్ని కాపాడడం ప్రతి పౌరుడి విధి అంటుంది. విధి చెప్పారు గానీ, పనిముట్టు చేతికివ్వలేదు.

నవకమ్మికుడు కావాలి

ఈ చిక్కుకు జవాబు స్తూపాలు కట్టినవారి దగ్గరే ఉంది. అమరావతి మహాచైత్యాన్ని ఒక్క రాజు కట్టలేదు. వర్తకులు, గృహిణులు, భిక్షుణులు తలా ఒక రాయి, తలా ఒక స్తంభం ఇచ్చారు. విధికుడనే చర్మకారుడు పూర్ణఘట ఫలకం ఇచ్చినట్టు శాసనముంది. అంటే ఈ కట్టడాలు పుట్టిందే ప్రజల చేతుల్లో. అయితే ఎవరికి తోచినట్టు వారు పేర్చలేదు. కట్టుబడి పనిని చూసుకునే భిక్షువుకు నవకమ్మికుడని పేరు. నాగార్జునకొండలో బోధిసిరి అనే ఉపాసిక చేయించిన చైత్యగృహం శాసనం దానం చేసిన ఆమెతో పాటు, పని చూసిన నవకమ్మిక థేరుల పేర్లనూ, రాతిపనివాడి పేరునూ గుర్తుంచుకుంది. దాత ఒకరు, పనివాడు ఒకరు, బాధ్యుడు ఒకరు. ముగ్గురి పేర్లూ ఒకే రాతి మీద.

ఈ వాదాలన్నీ తూచి చూస్తే మనకు లోటుగా ఉన్నది ఆ మూడవ మనిషి. 2019లో తొట్లకొండ మీద ఇటుకలు కూలాయి గానీ ఫలానావారు బాధ్యులని చెప్పే పేరు ఏ రాతి మీదా లేదు. కాబట్టి ప్రతి కొండకూ శిక్షణ పొందిన ఒక సంరక్షకుడు ఉండాలి. ఆయన చేతి కింద నమోదైన సేవకుల బృందం ఉండాలి. ఏ పని ఎవరు, ఎప్పుడు, ఏ సున్నంతో చేశారో రాసిన పుస్తకం ఎవరడిగినా చూపేలా ఉండాలి. ఓడలు కట్టి, ఉక్కు పోసిన ఈ ఊళ్లో కొలతలు తెలిసిన ఇంజినీర్లకు, సర్వేయర్లకు, విశ్రాంత ఉద్యోగులకు కొదవలేదు. విశ్వవిద్యాలయంలో చరిత్ర చదివే పిల్లలకూ కొదవలేదు. కేంద్ర, రాష్ట్ర శాఖలు రెండూ కూర్చుని ఒకే పద్ధతి రాసుకోవడానికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు, సంకల్పం చాలు.

తీర్పు చెప్పమంటే ఇది: స్తూపం మీద చేయి వేసే హక్కు అందరిదీ, కానీ ఆ చేతికి పేరుండాలి, హద్దుండాలి, జవాబుదారీ ఉండాలి. కొత్త ఎత్తులు కట్టడం ఆపి, ఉన్న ఇటుకను కాపాడడం మొదలుపెట్టాలి. అక్టోబరు వానలు ఏటా వస్తాయి. ఈ ఏడు అవి వచ్చేలోగా ఆ కొండల మీది నీటి కాలువల పూడిక తీయించండని శాఖలను అడుగుదాం. అనుమతిస్తే ఆ పని మనమే చేద్దాం.